శ్లాబు పడింది, గడప మారలేదు

తెలుగు సాహిత్య విమర్శ ఇంటిని కప్పుతోనే కొలుస్తూ వచ్చింది. గుడిసె అయితే పేదవాడు, పెంకుటిల్లయితే మధ్యతరగతి, మేడయితే భూస్వామి. ఈ కొలత వర్గాన్ని కొంతవరకు పట్టుకోగలదు, కులం దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తుంది. కులం ఉండేది గడప దగ్గర. ఆ ఇంటికి ఎవరొస్తారు? వచ్చినవాళ్లు ఎక్కడిదాకా వస్తారు? ఇచ్చిన నీళ్లు తాగుతారా? అందులో ఒక వాటా అద్దెకు ఎవరికి దొరుకుతుంది? ఆ ఇంట్లో చావైతే మోయడానికి ఎవరు వస్తారు? ఈ అయిదు ప్రశ్నలు అడిగితేగానీ ఇల్లు ఎవరిదో తేలదు. ఈ ప్రశ్నలు చేతబట్టుకొని కాశీబుగ్గ శివారులోని ఒక ఇంటినీ, మన పుస్తకాల్లోని కొన్ని ఇళ్లనీ పక్కపక్కన పెట్టి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. కాశీబుగ్గలోని ఆ ఇల్లు మాది. కాబట్టి నాకు పక్షపాతం ఉందనేవాళ్లు ఉంటారు. ఉంది. పక్షం లేని విమర్శ ఇంతవరకు ఎవరు రాశారో చూపించమనండి.

పలాస, కాశీబుగ్గ ఒకే మునిసిపాలిటీలో ఉన్న జంట ఊళ్లు. పలాసది రైలు, కాశీబుగ్గది రోడ్డు. ఒకపక్క హౌరా–మద్రాసు లైను, ఇంకోపక్క పాత 5వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు దాని నంబరు 16. ఈ రెండింటి చుట్టూ జీడి ఫ్యాక్టరీలు. తూర్పుకి పోతే ఉద్దానం: కొబ్బరి, జీడి, పనస తోటలు, ఆ తరవాత సముద్రం. మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. అమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి పోయేది. పిక్క పెంకులో ఉండే నూనె చేతుల్ని కాలుస్తుంది. వేళ్లు నల్లబడిపోతాయి, తోలు ఊడొస్తుంది. పండక్కి గోరింటాకు పెట్టుకుంటే ఎరుపు కనబడని చేతులు అమ్మవి. నాన్న రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో, జీడితోట కొట్టేసి వేసిన లేఅవుటులో 150 గజాలు కొన్నాం. 2009లో శ్లాబు పడింది. ముందు గది, లోపలి గది, వంటిల్లు, పక్కన అద్దెకిద్దామని ఒక చిన్న వాటా. మా వంశంలో కప్పు కారని ఇల్లు అదే మొదటిది.

అంతకుముందు మేముండేది ఊరి మాలపేటలో. మా వైపు పల్లెల్లో ఇళ్లు వరసగా, ఇంటికి ఇల్లు అంటుకొని ఉంటాయి. మధ్యగోడ ఇద్దరిదీ. ఒకరింట్లో ఏడిస్తే పక్కింట్లో వినిపిస్తుంది, ఒక కప్పుకి నిప్పంటుకుంటే వరసంతా కాలుతుంది. ఇలాంటి చోట వీధి అంటేనే కులం. మధ్యగోడ పంచుకోవాల్సి వచ్చినప్పుడు అవతలివాడు ఎవడన్న ప్రశ్న పుట్టకుండా ఉండదు. అందుకే కాపు వీధి, కళింగుల వీధి, సాలి వీధి, ఇవన్నీ అయిపోయాక దూరంగా పేట. మన సామాజిక శాస్త్రవేత్తలు ఊరు, వాడ అంటూ గీసే గీతను పల్లెలో ఇటుకలే గీసి పెట్టాయి.

లేఅవుటు ఈ లెక్కను మార్చేసిందని చాలామంది నమ్మారు. మేమూ నమ్మాం. ఇక్కడ మధ్యగోడ లేదు. ప్రతి ఇంటికీ సొంత ప్రహరీ, సొంత గేటు. స్థలం డబ్బుకి అమ్ముతారు, కులానికి కాదు. పట్టణీకరణ కులాన్ని కరిగిస్తుందన్న వాదానికి ఇంతకంటే మంచి రుజువేముంటుంది? అయితే స్థలం చూపించడానికి వచ్చిన బ్రోకరు నాన్నని అడిగిన మొదటి మాట ధర గురించి కాదు. "మీరేటోళ్లు బాబూ?" అన్నాడు. ఎవరు మీరు అని మర్యాదగా అడిగినట్టే ఉంటుంది. ఉత్తరాంధ్రలో ఈ ప్రశ్నకు పేరు చెబితే సరిపోదు. నాన్న "రైల్వేవోళ్లం" అన్నాడు. బ్రోకరు నవ్వి ఊరుకున్నాడు. మాకు చూపించిన స్థలం చివరి వరసలోది, వెనక మురుగుకాలవ ఉన్నది. ముందు వరసలు ఖాళీగానే ఉన్నాయి. అవి "అయిపోయాయి" అన్నాడు. తరవాత రెండేళ్లకు గానీ అక్కడ పునాదులు లేవలేదు.

ఇప్పుడు పుస్తకాల్లోకి పోదాం. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో రాసిన నవలకు మనిషి పేరు పెట్టలేదు, వాడ పేరు పెట్టాడు. 'మాలపల్లి' అన్న పేరే అంతవరకు తెలుగు నవల తొక్కని నేల మీద కాలు పెట్టింది. ఆ మేరకు ఆయనకు నమస్కారం. కానీ ఆ పల్లెలో రామదాసు ఇంట్లో మనకు చూపించేది భక్తి, శుభ్రత, సహనం. సవర్ణ పాఠకుడు జంకు లేకుండా లోపలికి రావడానికి ఆ ఇంటిని కడిగి, ముగ్గేసి ఉంచారు. దళితుడి ఇంట్లోకి రావాలంటే ఆ ఇల్లు ముందు పరీక్ష నెగ్గాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సంస్కరణోద్యమం పెట్టిన ఆ పరీక్ష మా లేఅవుటులో ఇంకా నడుస్తోంది. మా వీధిలో వాకిలి పొద్దున్నే అందరికంటే ముందు కడిగేది మా అమ్మే. ఎందుకమ్మా ఇంత తెల్లారగట్ల అంటే, "మనం కడక్కపోతే ఒక మాట, ఆళ్లు కడక్కపోతే ఇంకో మాట" అంటుంది. ఇంతకంటే పదునైన సాహిత్య విమర్శ నేను చదవలేదు.

జాషువా 'గబ్బిలం' 1941లో వచ్చింది. దాన్ని దౌత్యకావ్యమని, మేఘసందేశానికి దళిత జవాబని మనవాళ్లు చాలా రాశారు. అది నిజమే. కానీ దాన్ని ఒక ఇంటి కథగా చదవండి. రాత్రిపూట ఆ అస్పృశ్యుడి గుడిసెలోకి వచ్చిన చుట్టం గబ్బిలం ఒక్కటే. మనుషులెవరూ రారు. తన గోడు శివుడికి చెప్పుకోవడానికి అతనికి గుడిలోకి పోయే దారి లేదు, గబ్బిలానికి ఉంది. అంటే రెండు గడపలున్నాయి: అతను దాటలేని గుడి గడప, ఇతరులు దాటని అతని ఇంటి గడప. మొదటిదాని మీద మన దగ్గర ఉద్యమాలు, చట్టాలు, ఉపన్యాసాలు ఉన్నాయి. రెండోదాని మీద ఏమున్నాయి? దళితుడు గుడిలోకి వెళ్లాడా లేదా అని అడిగిన సమాజం, దళితుడి ఇంటికి తాను వెళ్లిందా అని అడుక్కోలేదు.

మా జిల్లా కథకు పెద్దదిక్కు కాళీపట్నం రామారావు. 'యజ్ఞం' మీద జరిగినంత చర్చ తెలుగులో బహుశా ఇంకే కథ మీదా జరగలేదు. ఆ చర్చ ఎక్కువగా అప్పు చుట్టూ, భూమి చుట్టూ, పల్లెలోకి వచ్చిన పెట్టుబడి చుట్టూ తిరిగింది. అప్పల్రాముడు హరిజనుడన్న సంగతి అందరికీ తెలుసు, కానీ దాన్ని అతని పేదరికానికి ఒక విశేషణంలాగా వాడి వదిలేశారు. ఆ కథలో తీర్పు జరిగేది ఊళ్లో, పెద్దల ఎదుట. అప్పల్రాముడు అక్కడికి రావాలి. పెద్దలెవరూ అతని ఇంటికి పోరు. చివరికి ఆ ఇంటి నుంచి సభ మధ్యకు వచ్చేది సీతారాముడు తన చేత్తో తనే చంపుకున్న పసివాడి శవం. ఆ ముగింపు అసహజమా, సహజమా అని వాదించుకున్న విమర్శకులు ఒక చిన్న విషయం వదిలేశారు: ఊరు ఆ ఇంటి లోపలికి పోలేదు కాబట్టి, ఇల్లే ఊరిలోకి వచ్చింది. కారా మాస్టారు ఆ దూరాన్ని కథలో ఉంచారు. విమర్శే దాన్ని చదవలేదు.

1960ల చివర ఉద్దానంలో, ఏజెన్సీ కొండల్లో రగిలిన శ్రీకాకుళ పోరాటం ఈ నేలకు చాలా పాటలూ కథలూ ఇచ్చింది. బొడ్డపాడు పేరు తెలీని విప్లవ పాఠకుడు ఉండడు. కూలి, భూమి, అప్పు, నిర్బంధం, వీటి గురించి ఆ సాహిత్యం నిలబడి మాట్లాడింది. కానీ అదే ఉద్దానం అంచున, రైల్వేలోనో మునిసిపాలిటీలోనో జీడి ఫ్యాక్టరీలోనో నాలుగు డబ్బులు కూడబెట్టి ఇల్లు కట్టుకున్న దళిత కుటుంబాన్ని ఏం చెయ్యాలో దానికి తోచలేదు. గుడిసెలో ఉన్నంతకాలం మేము పీడితులం, శ్లాబు పడ్డాక పెటీబూర్జువాలం. ఈ రెండు పదాల మధ్య బ్రోకరు అడిగిన ప్రశ్న ఎక్కడికి పోయింది?

ఆ ఖాళీని కొంత పూరించింది ఆత్మకథలు. వై.బి. సత్యనారాయణ ఇంగ్లీషులో రాసి 2011లో వెలువరించిన పుస్తకం 'మా నాయన బాలయ్య'గా తెలుగులోకి వచ్చింది. రైల్వేలో చిన్న ఉద్యోగం చేసిన తండ్రి పిల్లల్ని చదివించుకున్న కథ అది. అందులో రైల్వే క్వార్టరు ఉట్టి నివాసం కాదు. క్వార్టరు ఇచ్చేది ఉద్యోగాన్ని బట్టి, వీధిని బట్టి కాదు. పల్లె వదిలిన దళితుడికి అది కొత్త చిరునామా. పలాస రైల్వే క్వార్టర్లలో పెరిగినదాన్ని కనుక ఆ ఊపిరి నాకు తెలుసు. కానీ క్వార్టరు రిటైరయ్యే రోజుదాకానే. ఆ తరవాత సొంతిల్లు. రైల్వే మీద నిలబడ్డ సమానత్వం లేఅవుటులోకి మాతో రాలేదు. మా నాన్న "రైల్వేవోళ్లం" అన్న జవాబు క్వార్టర్ల గేటు దాటేసరికే చెల్లని నోటయిపోయింది.

గృహప్రవేశానికి ముందు ఇంట్లో ఒక తగువు నడిచింది. అంబేద్కర్ ఫొటో ముందు గదిలో పెట్టాలా, లోపలి గదిలో పెట్టాలా? ముందు గదిలో పెడితే వచ్చినవాళ్లకి బ్రోకరు ప్రశ్నకు జవాబు దొరికిపోతుంది. లోపల పెడితే మనల్ని మనం దాచుకున్నట్టు. నాన్న ముందు గదిలోనే కొట్టాడు మేకు. పిలిచిన ఇళ్లవాళ్లలో చాలామంది వచ్చారు. గుమ్మంలో నిలబడి ఇల్లు బాగుందన్నారు. కవరు చేతిలో పెట్టారు. భోజనం దగ్గరికి వచ్చేసరికి ఒకరికి ఉపవాసం, ఒకరికి ఇంకో పెళ్లి. ఎవరూ అమర్యాదగా మాట్లాడలేదని కూడా రాయాలి. మర్యాద ఏమాత్రం తగ్గలేదు. ఆకులే మిగిలిపోయాయి.

నీళ్ల సంగతి ఇంకా చిక్కుది. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా మనుషుల్ని తింటోంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో డయాలసిస్ ఎరగని చుట్టరికం తక్కువ. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, ఉద్దానానికి హిరమండలం నుంచి నీళ్లు తెచ్చే పథకం ప్రారంభించారు. జబ్బుకు నీరొక్కటే కారణమని శాస్త్రం ఇంతవరకు తేల్చలేదు, కానీ జనానికి నీటి మీద భయం పట్టుకుంది. ఆ భయం నిజమైనది, దాన్ని నేను ఎగతాళి చెయ్యను. అయితే ఆ భయమే ఒక మంచి తెర అయింది. మా ఇంటికి వచ్చినవాళ్లు గ్లాసు చూడగానే, "వొద్దమ్మా, మేం క్యాను నీళ్లే తాగతాం" అంటారు. అమ్మ తర్వాత మాకూ క్యాను వేయించుకుంది. అప్పుడు, "ఇప్పుడే తాగొచ్చాం" అన్నారు. పక్కింటి అరుగు మీద అదే మనుషులు టీ తాగుతుంటే మా కిటికీలోంచి కనబడుతుంది. ఈ అంటరానితనానికి సాక్ష్యం ఏముంది? ఏ చట్టం కింద కేసు పెడతారు? 1955 నాటి చట్టం గానీ, 1989 నాటి అత్యాచార నిరోధక చట్టం గానీ తాగని గ్లాసుని ఏం చెయ్యగలవు?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూకటివేళ్లతో లేచిపోయాయి. ముప్ఫై, నలభై ఏళ్ల చెట్లు. మా లేఅవుటులో రేకుల షెడ్ల కప్పులు ఎగిరిపోయాయి. తలుపు తట్టిన చప్పుడుకి నాన్న తీశాడు. ఎదురు వరసవాళ్లు, పిల్లలతో సహా పదిమందికి పైగా. మొట్టమొదటిసారి లోపలి గదిదాకా వచ్చారు. అంబేద్కర్ ఫొటో కిందే కూచున్నారు. పొడి బట్టలు ఇచ్చాం, కట్టుకున్నారు. గాలి తగ్గాక అమ్మ గంజి కాసింది. పెద్దవాళ్లు పిల్లలకీ ఆకలి లేదన్నారు. నాన్న ఏం మాట్లాడకుండా బయటికెళ్లి, వాకిట్లో రాలి పడున్న బొండాలు ఏరుకొచ్చి కొట్టి ఇచ్చాడు. అవి అందరూ తాగారు. మా కత్తితో, మా చేత్తో కొట్టిన బొండాలే. లోపలి నీరు చెట్టుది కదా, దానికి మైల లేదు. వాళ్లని నిందించడానికి రాయడం లేదిది. అంత గాలిలో, చావు భయంలో కూడా దేన్ని తాగొచ్చో దేన్ని తాగకూడదో వాళ్లకి ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేకపోయింది. కులం అంత లోపల ఉంటుంది. తిత్లీ మీద నష్టాల లెక్కలు చాలా వచ్చాయి. ఈ లెక్క ఏ రిపోర్టులో రాస్తారు?

సొంతంగా కొనుక్కున్న స్థలం సంగతి ఇది. ప్రభుత్వం ఇచ్చిన స్థలం సంగతి ఏమిటి? 2020 డిసెంబరు 25న రాష్ట్రంలో ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైంది. పట్టణాల్లో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర. సెంటంటే 48 గజాల పైచిలుకు. పట్టా ఆడవాళ్ల పేరు మీద ఇవ్వడం మంచి పనే. కానీ ఆ పంపిణీకి ముందే, 2020 ఆగస్టులో, ఇళ్ల స్థలాలకు సంబంధించిన తగాదా మీద కాశీబుగ్గ పోలీసు స్టేషనుకు వచ్చిన టెక్కలిపట్నం దళిత యువకుణ్ణి అక్కడి సర్కిల్ ఇన్‌స్పెక్టరు కాలితో తన్నిన వీడియో రాష్ట్రమంతా చూసింది. అధికారి సస్పెండయ్యాడు. ఇల్లు అడగడానికి వెళ్లినవాడికి గడపలోనే బూటు ఎదురైంది. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 2012 జూన్ 12న, అప్పటి మా జిల్లాలోని వంగర మండలం లక్ష్మీపేటలో మడ్డువలస రిజర్వాయరు ముంపు భూముల తగాదాలో అయిదుగురు దళితుల్ని చంపేశారు. రిజర్వాయరు కింద పాత ఊళ్లు మునిగాయి. ఊరు–వాడ గీత మాత్రం మునగలేదు.

చివరి ప్రశ్న చావుది. 2020 జూన్‌లో పలాసలో కరోనా సోకిందని తేలిన ఒక వృద్ధుడి శవాన్ని మునిసిపల్ సిబ్బంది జేసీబీ తొట్టిలో వేసి శ్మశానానికి తీసుకుపోయారు. కమిషనర్నీ, శానిటరీ ఇన్‌స్పెక్టర్నీ సస్పెండ్ చేశారు. దేశమంతా చలించింది, చలించాల్సిందే. ఆయన కులం ఏదైనా నా వాదనకు అవసరం లేదు. ముట్టుకోవడానికి ఎవరూ రాని శవాన్ని చూసి ఊరు మొదటిసారి బిత్తరపోయింది. మా పేటల్లో మా శవాల్ని మేమే మోసుకుంటున్నాం, ఊళ్లోని పశువుల శవాల్ని కూడా ఒకప్పుడు మేమే మోశాం. కరోనా నాలుగు నెలలు అందరికీ అంటు అంటే ఏమిటో చూపించింది. ఆ అనుభవం నుంచి అంటరానితనం మీద ఒక్క మంచి కథైనా రావాల్సింది. వచ్చిన కథల్లో ఎక్కువ భాగం ఒంటరితనం మీద వచ్చాయి.

ఇంతవరకు రాసింది ఎదుటివాళ్ల గురించి. దళిత విమర్శ ఇక్కడ ఆగిపోతే అది సగం విమర్శే. అద్దె వాటా సంగతి కూడా రాయాలి. 1917లో బరోడాలో ఉద్యోగానికి వెళ్లిన అంబేద్కర్‌కు ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీ సత్రంలో మారుపేరుతో తలదాచుకుంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. దాదాపు నూరేళ్ల తరవాత, 2015లో, సుఖదేవ్ థోరాట్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ల మీద చేసిన అధ్యయనం ఇ.పి.డబ్ల్యూ.లో వచ్చింది. దళితులకీ ముస్లిములకీ ఇల్లు ఎలా లేదంటారో అది నమోదు చేసింది. ఆ వ్యాసాన్ని నేను క్లాసులో చాలాసార్లు చెప్పాను. అదే రోజుల్లో మా వాటా అద్దెకు అడగడానికి ఒక రెల్లి కుటుంబం వచ్చింది. మునిసిపాలిటీలో పారిశుధ్య పని. నెలనెలా జీతం, ఇద్దరు చదువుకునే పిల్లలు. అమ్మ చాలా మర్యాదగా, "మావోళ్లు వొస్తన్నారు, కాళీ లేదు" అని చెప్పింది. మావాళ్లెవరూ రాలేదు. నేను గట్టిగా అడిగితే, "ఒలే, ఇప్పటికే మనల్ని ఒక కంట సూస్తన్నారు. రెల్లోళ్లకిస్తే ఇంకేటుంది?" అంది. కాలిన వేళ్లతో కట్టిన ఇల్లు అది. ఆ ఇంటికున్న కాస్త మర్యాదని ఆమె కాపాడుకుంటోంది. బ్రోకరు మా నాన్నకి చెప్పిన "అయిపోయాయి"కీ, మా అమ్మ చెప్పిన "కాళీ లేదు"కీ తేడా ఎక్కడుందో నేను చాలా వెతికాను.

అంబేద్కర్ చెప్పిన అంచెల అసమానత పుస్తకంలో చదివితే ఒక సిద్ధాంతం. మా ఇంట్లో అది ఒక తాళంకప్ప. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీల ఉపవర్గీకరణకు దారి తెరిచింది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు ద్వారా రెల్లి తదితర 12 కులాలకు 1 శాతం, మాదిగ వర్గానికి 6.5, మాల వర్గానికి 7.5 శాతం అని పంచింది. ఈ పంపకం మీద మనలో ఎవరి వాదన వాళ్లకుంది. ఉద్యోగాల్లో వాటా లెక్క కోర్టులు, కమిషన్లు తేల్చగలవు. ఇంట్లో వాటా ఎవరికివ్వాలో అవి తేల్చలేవు.

కాబట్టి విమర్శకులకు నా విన్నపం ఇది. కథలో ఇల్లు వస్తే దాని కప్పు చూసి వర్గం రాసేసుకోకండి. గడప దగ్గర ఆగండి. నీళ్ల గ్లాసు ఖాళీ అయిందా, నిండుగానే వెనక్కి పోయిందా చూడండి. రచయితలకు, ముఖ్యంగా మా ఉత్తరాంధ్ర రచయితలకు: పేట మీద రాశారు, కొండ మీద రాశారు. ఇప్పుడు లేఅవుటు చివరి వరస మీద రాయండి, అక్కడ మాకు జరిగేదీ, మేము చేసేదీ రెండూ రాయండి.

నాన్న లేడిప్పుడు. ఇల్లు నా పేరు మీదికి వచ్చింది. ఆ వాటా ఇన్నేళ్లూ పాత సామాన్లతో తాళం వేసి ఉంది. తిత్లీ రోజు సంగతి వచ్చినప్పుడల్లా అమ్మ, "ఆ దినం అందరికీ తలుపు తీసినాం గదా, ఏం అరిగిపోయింది?" అంటుంది. ఆ మాటని ఆ వాటాకి కూడా వర్తింపజెయ్యమని నేనింకా అడగలేదు. ఈ వ్యాసం అచ్చయ్యేలోపు అడగాలి.